పేజీ వెనక్కి తిప్పే మనిషి

మొన్న సూళ్లూరుపేటలో నెల్లూరు రైలెక్కాను. ఎదురు సీట్లో ఇద్దరు ఆడపిల్లలు కూర్చున్నారు. నర్సు చదువు చదువుతున్న పిల్లలని వాళ్ళ మాటల్ని బట్టి తెలిసింది. కిటికీ పక్కనున్న పిల్ల ఒళ్ళోని లావుపాటి పుస్తకాన్ని టప్పున మూసేసి, "హమ్మయ్య, అయిపోయింది. ఇంక జన్మలో దీని మొహం చూడక్కర్లేదు" అంది. రెండో పిల్ల "నాది నిన్ననే అయిపోయింది" అంది గొప్పగా. తరవాత ఇద్దరూ ఫోన్లలో తల దూర్చారు.

వాళ్ళను తప్పుపట్టడానికి నేనెవర్ని? నలభై ఏళ్ళు దాటేదాకా ఒక్క అక్షరం తెలియనిదాన్ని. కానీ ఆ పుస్తకం మూసిన చప్పుడుకు నా చెవిలో ఒక గొంతు పలికింది. "ఎన్నోసారి మే?"

ఆ గొంతు గల మనిషి కిందటి వానాకాలంలో పోయింది.

"ఎన్నోసారి?" అన్నది ఆమె ఊతపదం. ఎవరు ఏది చదివామని చెప్పినా ముందు ఆ మాట అడిగేది. పిల్లలు బళ్ళో పాఠం చదివామన్నా అదే, మగవాళ్ళు టీకొట్టు దగ్గర పేపరు చదివామన్నా అదే.

"పేపర్ని ఎవురన్నా రెండోసారి చదవతారా పెద్దమ్మా? రేపు ఇంకోటి వస్తాది కదా" అని నవ్వేవాళ్ళు.

"రేపటి దాంట్లో ఈరోజుది ఉండదు కదరా నాయనా. ఈరోజుది నీకు సగమే తెలిసింది. రేపు ఇంకో సగం తెలుసుకుంటావు. అన్నీ సగాలే నీ బతుకులో" అనేది. వాళ్ళు ఇంకా గట్టిగా నవ్వేవాళ్ళు. ఆమె నవ్వేది కాదు. నేనెరిగిన ఆమె ఒకప్పుడు ఊరంతటినీ నవ్వించిన మనిషి. ఆ సంగతి వాళ్ళలో చాలామందికి తెలియదు.

ఆమె చదవడం చూడాలి. ముందు సబ్బుతో మోచేతుల దాకా చేతులు కడుక్కునేది. కాన్పుకు పోయేటప్పుడు ఎలా కడుక్కుంటుందో అలాగే, గోళ్ళ సందులతో సహా. పైటకు తుడుచుకోకుండా చేతులు పైకెత్తి గాలికి ఆరబెట్టుకునేది. ఆరాకనే పుస్తకం ముట్టుకునేది. పెదాలు కదిలేవి గాని మాట బయటికి వచ్చేది కాదు. పేజీ అయిపోతే మనమంతా ముందుకు తిప్పుతాం. ఆమె ఒక్కోసారి వెనక్కి తిప్పేది. చదివేసిన పేజీకే మళ్ళీ పోయి, ఇసకలో ముక్కుపుడక పారేసుకున్నదానిలా వేలితో వెతికేది. ఆపినచోట గుర్తుగా వల అల్లే నైలాను దారం ముక్క పెట్టేది. పాత దారాలు తీసేది కాదు. ఆ పుస్తకం అంచున ఆకుపచ్చవి, నీలంవి, తెల్లవి దారాలు గడ్డం వెంట్రుకల్లా వేలాడేవి.

అది ఒకే పుస్తకం. బతుకంతా ఆమె చదివింది ఆ ఒక్కటే.

మాది పులికాట్ సరస్సు మధ్యలో ఉండే పల్లె. చుట్టూ నీళ్ళు. ఏం కావాలన్నా పడవ ఎక్కి గట్టుకు పోవాలి, అక్కడినుంచి సూళ్లూరుపేటకు. మగవాళ్ళు చేపలకూ రొయ్యలకూ పోతారు, ఆడవాళ్ళం ఎండబెడతాం, అమ్ముతాం, వలలు బాగుచేస్తాం. ఆమె మా పల్లెకు మంత్రసాని. వాళ్ళ అత్త దగ్గర నేర్చుకుంది. నాకు వరసకు వదిన. నా బిడ్డలందరినీ చేతుల్లోకి తీసుకున్నది ఆమే.

ఆ రోజుల్లో ఆమె నోటికి జడిసి మగవాళ్ళు పక్క సందులోంచి పోయేవాళ్ళు. నొప్పులు పడే పిల్ల కేకలు పెడితే, "అరువు మే, బాగా అరువు. ఆ పొద్దు ఈ నోరు యాడ దాచిపెట్టినావో!" అనేది. నొప్పుల్లో ఉన్న పిల్లకు కూడా నవ్వొచ్చేది. వాకిట్లో అటూ ఇటూ తిరిగే మొగుడిని చూసి, "ఏం అబ్బయ్యా, నేల అరగదీయబాక. నీ పని ఎప్పుడో అయిపోయింది. పోయి నీళ్ళు కాచు" అనేది. కాన్పు గదిలో ఆమె మాటలు ఆగేవి కావు. ఆ మాటల మధ్యనే బిడ్డ జారి వచ్చేది. మాకు భయం తెలిసేది కాదు.

ఊళ్ళో అయిదో తరగతి దాకా చదివిన ఆడమనిషి ఆమె ఒక్కతే. సూళ్లూరుపేటలో మంత్రసానులకు కొత్త పద్ధతులు నేర్పుతున్నారంటే పోయి నేర్చుకొచ్చింది. వచ్చేటప్పుడు రేకుపెట్టె ఒకటి తెచ్చింది. అందులో కత్తెర, దారం, సబ్బు, ఒక పుస్తకం. ఆ రోజు అదే పడవలో నేను కూడా ఉన్నాను. ఆమె పెట్టె మీద కూర్చొని, కాలు మీద కాలేసుకొని పుస్తకం చదవడం మొదలుపెట్టింది. మేమంతా ఆమె మొహమే చూస్తున్నాం. మా పడవల్లో పుస్తకం చదివే ఆడమనిషిని అంతకు ముందు ఎవరూ చూడలేదు. పడవ మా రేవుకు తగిలేలోపల చివరి అట్ట దాకా వచ్చేసింది.

"అప్పుడే అయిపోయిందా వదినా?" అన్నాను.

"ఇదేం పెద్ద పనా మే? రేవు చేరేలోపలే నమిలేసినా. అంతా మనం చేసేదే రాసుండారు. చేతులు కడుక్కోమంటారు, కత్తెర కాచుకోమంటారు, తల్లితో మాట్లాడతా ఉండమంటారు. ఈ సంగతి నాకు చెప్పల్నా? నోరు మూసుకోనుండే మంత్రసాని యాడన్నా ఉంటాదా?" అంది. పడవంతా నవ్వింది. ఆమె పుస్తకాన్ని పెట్టెలో పడేసి మూత వేసింది.

తరవాత రెండు మూడేళ్ళకు నా పెద్దకూతురు కస్తూరి తొలి కాన్పుకు నా దగ్గరికి వచ్చింది. దాన్ని పుట్టించిన చేతులే దాని బిడ్డనూ పట్టుకోవాలని మా అందరికీ ఉండింది.

మంచి ఎండలు. ఆ రోజుల్లో మా సరస్సు సరస్సులా ఉండదు. నీళ్ళు మోకాళ్ళ కిందికి దిగిపోతాయి. పడవ తేలదు. నడుద్దామంటే బురద తొడల దాకా లాగేస్తుంది.

తెల్లవారి మొదలైన నొప్పులు. ఎండ నడినెత్తికి రాకముందే బిడ్డ భూమ్మీద పడింది. ఆడపిల్ల. వెనకాలే బొడ్డుతాడుతో పాటు మాయ పడింది. ఆమె దాన్ని కుండలో వేసి మూతపెట్టి నా చేతికిచ్చింది. మా పల్లెలో మాయను ఎవరూ చూడకూడదు. చూస్తే తల్లికి పాలు పడవనీ, మళ్ళీ కడుపు పండదనీ నమ్మకం. బిడ్డ అమ్మమ్మ దాన్ని చప్పున తీసుకుపోయి ఉప్పూ పసుపూ వేసి ఇంటి వెనక పూడ్చాలి. నేను పూడ్చి, స్నానం చేసి వచ్చేసరికి కస్తూరి కింద గుడ్డ తడిసి ఉంది. మార్చారు. అదీ తడిసింది.

"తొలి కాన్పు కదా, రవంత జాస్తిగా పోతాది. కొంచేపు సూద్దాం" అంది ఆమె. పొట్ట మీద రుద్దింది. బిడ్డను రొమ్ముకు పట్టించింది. కొంచెంసేపు చూశాం. ఆమె మొహంలోంచి నవ్వు దిగిపోవడం నేను కళ్ళారా చూశాను.

"పడవ తీయించు మే, బిన్నా. ఆలస్యం చేయబాక" అంది.

మగవాళ్ళు దిగి తోశారు. తోసేకొద్దీ పడవ బురదలో కూరుకుపోయింది. ఆఖరికి పిల్లను మంచం మీద వేసుకొని, దిగబడుతూ లేస్తూ మోశారు. మేమిద్దరం మంచానికి చెరోపక్కా పట్టుకొని నడుస్తున్నాం. ఎండకు బురద మీద మెరుపు కళ్ళలో గుచ్చుతోంది. దారిలో కస్తూరి ఒకసారి కళ్ళు తెరిచి ఆమె వైపు చూసింది.

"అత్తా, ఏమన్నా అనత్తా. నవ్వించు" అంది.

ఆమె నోరు తెరిచింది. మాట రాలేదు. గట్టు కనపడుతూనే ఉంది. నా బిడ్డ చెయ్యి మంచం మీంచి జారింది.

మనవరాలిని వాళ్ళ నాయనమ్మ తీసుకుపోయింది. అక్కడే పెరిగింది.

ఊళ్ళో ఎవరూ ఆమెను ఏమీ అనలేదు. నీళ్ళు లేకపోతే ఎవరేం చేస్తారు అన్నారు. నేను ఆమెతో మాట్లాడడం మానేశాను. ఆమె రేకుపెట్టె తెరిచి ఆ పుస్తకం బయటికి తీసిందని, వాకిట్లో కూర్చొని చదువుతూనే ఉందని వాళ్ళూ వీళ్ళూ చెబితే విన్నాను. పొయ్యి మీద కూడు మాడిపోతున్నా లేవడం లేదన్నారు.

తరవాత జరిగిన కాన్పులో ఆమె ఊరు ఊరంతా ఉలిక్కిపడే పని చేసింది. మాయ పడగానే కుండలో వేయలేదు. పళ్ళెంలో వేసి, గుమ్మం దగ్గర వెలుతురులోకి తెచ్చి, రెండు చేతులతో పరిచి, వంగి, అంచు వెంబడి వేలు తిప్పుతూ చూసింది. వల చిరిగిందేమోనని మేం చూసుకుంటామే, అలాగ. ముసలమ్మలు అరిచారు. ఆమె లెక్కచేయలేదు. ఆ తరవాత ప్రతి కాన్పుకూ అదే పని.

ఒకసారి నడివీధిలో ఒక ఇంటి కోడలికి అలాగే పరిచి చూసి, "ముక్క తగ్గింది. లోపలుండాది. పడవ తీయండి, ఇప్పుడే" అంది. అప్పటికి ఆ పిల్లకు పెద్దగా రక్తం కూడా పోవడం లేదు. వానలు పడి సరస్సు నిండుగా ఉన్న రోజులు. పడవ బాణంలా పోయింది. దారిలో రక్తం మొదలైంది. ఆస్పత్రికి చేరారు, పిల్ల బతికింది.

కాళ్ళు కడిగి నెత్తిన చల్లుకోవలసిన ఆ ఇంటివాళ్ళు ఏమన్నారో తెలుసా? "ఆమె మాయను చూసింది. అందుకే రక్తం మొదలయ్యింది" అన్నారు. కుళాయి దగ్గర ఆడవాళ్ళు ఇంకా ముందుకు పోయారు.

"మాయలో ఏం సూస్తాదే ఆమె?"

"చూసి మంత్రం ఏస్తాదంట. ఆ పుస్తకంలో ఉండేది మంత్రాలేనంట. లేకపోతే అన్నిసార్లు చదివేదానికి అది ఏమన్నా కతల పుస్తకమా?"

మళ్ళీ మళ్ళీ చదవవలసినది మంత్రమే అయి ఉంటుందని మా వాళ్ళు అనుకున్నారు. ఇంకే కారణమూ వాళ్ళకు తోచలేదు. ఆ తరవాత ఆమెను ఎవరూ కాన్పుకు పిలవలేదు. నెలలు నిండకముందే పిల్లల్ని గట్టు మీద చుట్టాల ఇళ్ళకు పంపేయడం మొదలుపెట్టారు. దానివల్ల మంచే జరిగింది. కాన్పులు ఆస్పత్రుల్లో అవుతున్నాయి. కానీ ఊరు ఆ పని చేసింది ఆస్పత్రి మీద నమ్మకంతో కాదు, ఆమె చూపు మీద భయంతో.

ఒక పొద్దున చేపలు ఎండేయడానికి ఇంటి వెనక్కి పోతే, ఆమె అక్కడ కూర్చొని ఉంది. నేను కుండ పూడ్చినచోటే. తవ్వడం లేదు. అరచెయ్యి మాత్రం మట్టి మీద బోర్లా పెట్టి ఉంది.

"ఏం పని నీకిక్కడ?" అన్నాను. వదినా అని పిలవబుద్ధి కాలేదు.

"ఇక్కడేనా మే పూడ్చింది?"

"నా బిడ్డను మింగింది చాలక దాని మాయ కోసం వచ్చినావా? ఊరు అనుకునేది నిజమే అన్నమాట."

"ఊరేమన్నా అనుకోనీ. ఒక్క మాట చెప్పు. పూడ్చేటప్పుడు మూత తీసి చూసినావా? నిండుగా ఉండిందా, అంచు చినిగి ఉండిందా?"

"నేనెందుకు చూస్తాను? చూడకూడదని మీ అత్తే కదా మాకు చెప్పింది. మూతపెట్టి ఇచ్చింది నువ్వు."

"అవును. నేనే ఇచ్చినా. నేను కూడా సూళ్ళేదు." ఆమె చెయ్యి మట్టి మీదే ఉంది. "సూడమని పుస్తకంలో ఉండాది మే. బొమ్మ కింద, చిన్నచ్చరాల్లో. ఇప్పుడు తవ్వితే మాత్రం ఏముంటాది. మట్టే."

"ఏం ఉంది పుస్తకంలో? చదువు, వింటాను."

"నేను చదివితే నువ్వు నమ్మవు. నమ్మబాక కూడా. నువ్వే నేర్చుకో. నేర్పతా. నీ కళ్ళతో నువ్వు చదివి, తప్పు ఎవురిదో తేల్చు. నాకు ఊరు చెప్పేది అక్కర్లేదు. నువ్వు నాదంటే నాది. కాదంటే కాదు. అంతదాకా నేను చావలేను, బతకలేను."

అలా అక్షరాలు నేర్చుకున్నాను. జ్ఞానం కోసం కాదు, కోపంతో. ఆమె మీద తప్పు రుజువు చేయడానికి ఆమె దగ్గరే, ఆమె వాకిట్లో ఇసకలో వేలు పెట్టి దిద్దాను. నేను ముందు నేర్చుకున్న మాట అమ్మ కాదు, ఆవు కాదు. రక్తం. క కింద త వత్తు ఎంతకీ కుదిరేది కాదు.

"వల కన్ను తప్పు పోకుండా అల్లతావు. ఈ వత్తు కాడికి వచ్చేసరికి నీ వేలికి ఏం రోగం మే?" అనేది. ఆ ఒక్క చోట పాత మనిషి కాస్త కనిపించేది. నేను నవ్వేదాన్ని కాదు. దిద్దేదాన్ని.

వానలు వచ్చి పోయాయి. మళ్ళీ వానలు వచ్చేసరికి నేను పుస్తకం కూడబలుక్కోగలిగాను. చదువుతూ చదువుతూ బొమ్మ దగ్గరికి వచ్చాను. మాయ బొమ్మ, దాని కింద చిన్న అక్షరాలు. "మాయను పరిచి చూడాలి. ముక్క లోపల మిగిలితే రక్తం ఆగదు." అంతే ఉంది. చదవడం రాని రోజుల్లో అదేదో పెద్ద రహస్యం అనుకున్నాను. రెండు ముక్కలు.

"నువ్వు ముందే చదివుంటే నా బిడ్డ బతికుండేది" అన్నాను.

"చదివినా మే. పడవలో చదివినా, నువ్వూ చూసినావు కదా. ఈ పేజీ నా వేలి కిందనే పోయింది. పైన ఉండే పెద్దచ్చరాలు చదివి, బొమ్మ చూసి, తిప్పేసినా. మాయ బొమ్మ నాకెందుకు, దినామూ చూసేదే కదా అనుకున్నా. దినామూ చూసింది యాడ? ఎప్పుడూ సూళ్ళేదు. మూతపెట్టి ఇచ్చేదే నేను చేసింది."

"అయితే తప్పు నీదే."

ఆమె తలూపింది. బరువు దించుకున్నదానిలా ఒక ఊపిరి వదిలింది. తరవాత నా మొహంలోకి చూసి అడిగింది. "ఎన్నోసారి మే నువ్వు చదివింది?"

"ఒకసారి. చాలదా?"

"ఒకసారి చదివి చెప్పిన తీర్పు నాకొద్దు. నేను కూడా ఒకసారి చదివే నీ బిడ్డ ప్రాణం మీదికి తెచ్చినా. మళ్ళీ చదువు."

పుస్తకం ఆమె ఒళ్ళోకి విసిరికొట్టి వచ్చేశాను. చాలా రోజులు ఆ వాకిలి తొక్కలేదు. కానీ అక్షరం వచ్చిన కన్ను ఊరికే ఉండదు. సబ్బు కాగితం మీద, పడవ పక్కన, మందు సీసా మీద, ఎక్కడ చూసినా చదివేస్తోంది. చదివిన ప్రతిచోటా ఆమె ప్రశ్న వినిపిస్తోంది. పోయాను.

రెండోసారి చదివినప్పుడు మొదటిసారి కనపడని పేజీ కనపడింది. మాయ నిండుగా పడినా ఒక్కోసారి గర్భసంచి గట్టిపడక రక్తం పోతూనే ఉంటుందని రాసి ఉంది. అంటే ఆమె ఆ రోజు పరిచి చూసి ఉన్నా, ముక్క తగ్గలేదని చెప్పి ఉన్నా, నా బిడ్డ అలాగే పోయి ఉండవచ్చు. వెంటనే ఆస్పత్రికి చేర్చాలి అన్న మాట పేజీకొకటి ఉంది. ఎలా చేర్చాలో మాత్రం ఎక్కడా లేదు. ఆ పుస్తకం రాసినవాళ్ళు మా సరస్సును ఎండాకాలంలో చూసి ఉండరు.

"నీ తప్పు కాకపోవచ్చు వదినా" అన్నాను. చాలా కాలం తరవాత వదినా అన్నాను.

"కాకపోవచ్చు అనేది తీర్పు కాదు మే. అయ్యుండొచ్చు అనేదానికి అది చెల్లెలు. మళ్ళీ చదువు."

ఆ పైసారి నన్ను పట్టుకున్నది బొమ్మ కాదు, మొదటి పాఠంలోని చిన్న మాట. తల్లితో మాట్లాడుతూ ఉండాలి. పడవలో అందరం నవ్వుకున్న మాట. ఆ మాట మీద నా వేలు ఆగింది. ఆమె చూసింది. అక్కడ కూడా ఒక నీలం దారం ఉంది.

"అక్కడ నువ్వు కూడా ఆగినావా?" అంది మెల్లగా. "ఆ పొద్దు కస్తూరికి ఏం చెప్పాలో నాకు తెలిసింది మే. నోటి చివరిదాకా వచ్చింది. మీ ఆయన నిన్ను ఇట్టనే ఒకసారి బురదలో ఎత్తుకొని పోయినాడే, అది చెప్పి నవ్విద్దామనుకున్నా. నాలిక తిరగలా. ఇంత చిన్న పని. ఎవురికైనా చేతనయ్యేది. దీనికి పడవ అక్కర్లేదు, నీళ్ళు అక్కర్లేదు."



ఒక పుస్తకాన్ని మళ్ళీ మళ్ళీ చదివితే ఎక్కువ తెలుస్తుందని నేనిప్పుడు ఎవరికైనా చెప్పగలను. చెబుతాను కూడా. నా కొడుకు సూళ్లూరుపేటలో ఇల్లు కట్టాక అక్కడికి వచ్చేశాను. కథలు, వారపత్రికలు, ఏది దొరికితే అది చదువుతున్నాను. ఏదీ ఒకసారి చదివి వదలను. మొదటిసారి చదివేటప్పుడు మనకు ముందే తెలిసినదే కనపడుతుంది. తెలియనిది కనపడాలంటే వెనక్కి రావాలి. ఇది ఆమె నాకు నేర్పిన చదువు, ఇందులో తప్పు లేదు. కానీ ఇలా తెలుసుకున్నవాళ్ళు సుఖపడతారని మాత్రం నన్ను చెప్పమనకండి. ఆ పుస్తకంలో మాకు తెలిసిన ప్రతి ముక్కా కస్తూరి పోయాక తెలిసిందే. అది తెలిసేకొద్దీ ఆమె కుంగిపోయింది. ఆ తెలివితో ఒక పిల్లను బతికిస్తే ఊరు ఆమెను వెలివేసినంత పని చేసింది. తెలివి పెరిగింది. పిలిచే గుమ్మం లేకుండా పోయింది.

ఎప్పుడు పల్లెకు పోయినా ఆమెను చూసేదాన్ని. బాగున్నావా అని అడిగేది కాదు. "తేలిందా మే?" అనేది. "లేదు వదినా" అనేదాన్ని. "అయితే చదువు" అని పుస్తకం ఇచ్చేది. నేను చదివేదాన్ని, ఆమె వినేది. ఏటికేడు అదే. ఆమె అడగడం మానలేదు, నేను తేల్చలేదు. మధ్యలో ఆమెకు చూపు పోయింది. శుక్లాలు తీయించారు, అయినా రాలేదు. అప్పటినుంచి ఆమె కళ్ళు కూడా నేనే అయ్యాను, పోయినప్పుడల్లా.

ఆఖరుసారి పోయినప్పుడు ఆమె మంచం దిగడం లేదు. కోడలు గంజి పట్టిస్తోంది. నన్ను చూసి బయటికి వచ్చి, "పిన్నమ్మా, తిండి నిలవడం లేదు. ఆ పుస్తకం మటుకు గుండెల మీద నుంచి తీయనీదు. నువ్వన్నా ఆమెకు కావలసిన మాటేదో చెప్పెయ్యి పిన్నమ్మా. రవంత శాంతిగా పోనీ" అంది. కళ్ళనిండా నీళ్ళు ఆ పిల్లకు. దాని మాటలో న్యాయం ఉంది.

లోపలికి పోయి మంచం పట్టె మీద కూర్చున్నాను. నా చెయ్యి తడిమి పట్టుకుంది.

"తేలిందా మే?"

"తేలింది వదినా."

పట్టుకున్న చెయ్యి బిగిసింది. "చెప్పు."

"తప్పు నీది కాదు."

 ఆమె పుస్తకం నా వైపు జరిపింది. "యాడుండాది ఆ మాట? చదువు."

తీసుకున్నాను. బొమ్మ ఉన్న పేజీ తెరిచాను. ఇన్నేళ్ళుగా చదువుతున్నదాన్ని, పుస్తకం మాట్లాడే తీరు నాకు తెలుసు. ఆ తీరులోనే, ఒక్కో అక్షరమూ కూడబలుక్కుంటున్నట్టు చదివాను. "మాయను పరిచి చూసినా కొన్నిసార్లు ముక్క తగ్గిన సంగతి తెలియదు. అటువంటప్పుడు మంత్రసానిని తప్పుపట్టరాదు."

చదివి ఆమె మొహం చూశాను. నుదుటి మీద ముడతలు కాస్త విడినట్టు అనిపించింది. నాకు ఆశ పుట్టింది.

"నీకు అచ్చరాలు నేర్పింది లేనిది చదివేదానికా మే?" అంది.

కోపంగా అనలేదు. అలసిపోయి అంది. నేను ఏడ్చాను. ఏడుస్తుంటే ఆగమని అనలేదు, ఓదార్చలేదు. నా ఏడుపు అయ్యేదాకా కాచుకుంది.

"ఉండేది చదువు" అంది.

చదివాను. "మాయను పరిచి చూడాలి. ముక్క లోపల మిగిలితే రక్తం ఆగదు."

కళ్ళు మూసుకొని వింది. పెదాలు నాతోపాటే కదిలాయి.

"ఇంకోసారి" అంది.

చదివాను.